తెరమీద సైకిలు బేరము, మోకాలి మీద భారము

మధుమేహము, రక్తపుపోటు, స్థూలకాయము కలవారికి వైద్యులు తరచు చెప్పే సలహాలలో సైకిలు తొక్కుట ఒకటి. ఆ సలహాను మన్నించి, సెల్‌ఫోను చేతబట్టి అంతర్జాల దుకాణాలలో సైకిలు వెదకుటకు కూర్చున్నవారిలో కొందరు విసిగి ఆ ప్రయత్నమే మానుకుంటున్నారు. మరికొందరు తమ శరీరానికి సరిపడని సైకిలు కొని, మోకాళ్ళ నొప్పి తెచ్చుకొని, నెల తిరుగకముందే దానిని గోడకు ఆనిస్తున్నారు. ఆ మీదట దానిపై తువ్వాళ్ళు ఆరుతుంటాయి. ఇదంతా కొనుగోలుదారుల సోమరితనమని ఇంటివారు, ఇరుగుపొరుగువారు అంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. తప్పు అమ్మకపు పద్ధతిలో ఉంది. సైకిలును చొక్కా వలె, చెంబు వలె అమ్ముతున్నారు. సైకిలు శరీరానికి అమరవలసిన సాధనము. అమరకపోతే అది వ్యాయామము కాదు, గాయము.

సైకిలు మనకు ఎందుకు కావాలి?

భారత వైద్య పరిశోధన మండలి సహకారముతో దేశమంతటా జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మన దేశములో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహము, 13.6 కోట్ల మందికి మధుమేహమునకు ముందరి స్థితి ఉన్నట్లు ఆ సర్వే అంచనా వేసింది. వయోజనులు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు తీవ్రత గల శారీరక శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు సైకిలు తొక్కితే కనీసపు లెక్క తీరుతుంది. బ్రిటనులో రెండున్నర లక్షలకు పైగా ప్రజలను అయిదేళ్ళు పరిశీలించిన ఒక అధ్యయనము 2017లో ప్రచురితమైంది. పనికి సైకిలు మీద వెళ్ళేవారిలో మరణపు ముప్పు 41 శాతము తక్కువగా ఉన్నట్లు అందులో తేలింది. ఇటువంటి అధ్యయనాలు సంబంధాన్ని చూపుతాయి గాని, కారణాన్ని పూర్తిగా నిరూపించవు. అయినా కదలని శరీరానికి కదలిక మేలు చేస్తుందనుటలో వైద్యులకు భేదాభిప్రాయము లేదు. పైగా సైకిలు మీద శరీరపు బరువులో ఎక్కువ భాగము సీటు మోస్తుంది. అందువలన అరిగిన మోకాళ్ళు కలవారిలో చాలామంది నడక కంటె దీనిని సుళువుగా ఓర్చుకోగలరు.

నేరేడుచర్ల వంటి ఊళ్ళకు సైకిలు చక్కగా సరిపోతుంది. సాగరు ఎడమ కాలువ క్రింది పొలాలు, ఎక్కువ ఎత్తుపల్లాలు లేని నేల, బడి, బజారు, బ్యాంకు అన్నీ అరగంటలోపు దూరము. పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళిన పుచ్చలపల్లి సుందరయ్య గారిని ఎరిగిన జాతి మనది. సైకిలు ఎక్కుట నామోషీ అనే భావన మన నడుమ ఇటీవల పెరిగినదే. హైదరాబాదులో బాహ్య వలయ రహదారి చెంత సౌరఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాటను 2023లో ప్రారంభించారు. సంతోషమే. కాని మన వంటి చిన్న పట్టణాలలో కొత్త బాట కంటె ముందు కావలసినది ఒంటికి సరిపోయే సైకిలు.

అంగుళాల గందరగోళము

మన పాత సైకిలు దుకాణములో ‘22 సైజు’, ‘24 సైజు’ అనేవారు. అది ఫ్రేము కొలత. పెద్దవారి నల్ల సైకిళ్ళలో చక్రము సాధారణముగా 28 అంగుళాలే ఉండేది, మనిషి ఎత్తును బట్టి ఫ్రేము మారేది. అంతర్జాల దుకాణాలలో 24, 26, 27.5, 29 అంకెలు కనిపిస్తాయి. అంకె ప్రక్కన ‘టి’ అనే అక్షరము ఉంటుంది. అది టైరును, అంటే చక్రపు పరిమాణాన్ని సూచిస్తుంది. ఈ తేడా తెలియని తాతగారు పూర్వపు అలవాటు చొప్పున ‘24’ చూసి కొంటే, ఆయనకు వచ్చేది పదేళ్ళ పిల్లవాని సైకిలు. ఈ తేడాను మొదటి వరుసలోనే చెప్పుట అమ్మేవారికి ఒక్క వాక్యపు పని. ఆ వాక్యము చాలాచోట్ల కనపడదు.

చక్రపు కొలత ఒకటే అయినా ఫ్రేములు వేరువేరు పరిమాణాలలో ఉంటాయి. మన శరీరానికి అమరవలసినది ఫ్రేమే. సీటును ఎంత దించవచ్చును, ఎంత పెంచవచ్చును, అడ్డ గొట్టము నేలనుంచి ఎంత ఎత్తున ఉంది, సీటు నుంచి హ్యాండిలు ఎంత దూరము, ఎంత బరువు మోయగలదు. ఈ అయిదింటికి జవాబులు వెదకి చూడండి. వీటికి బదులు ‘21 గేర్లు’, ‘12 ఏళ్ళు పైబడినవారికి’ వంటి మాటలు కనిపిస్తాయి. పన్నెండేళ్ళు పైబడినవారందరి కాళ్ళు ఒకే పొడవు ఉంటాయా? స్త్రీలకు అడ్డ గొట్టము వంగి ఉన్న ఫ్రేము, చీర గార్డు, గొలుసు కప్పు కావాలి. వారికి గులాబీ రంగు చూపించి సరిపెడతారు. సమతల భూమిలో తొక్కేవారికి 21 గేర్లు అక్కరలేదు. అవి పాడైతే బాగుచేయగలవారు చిన్న ఊళ్ళలో సులభముగా దొరకరు.

శరీరము చెప్పే సాక్ష్యము

కొలత తప్పితే ఏమవుతుందో వివరిస్తాను. సీటు తగినదానికంటె క్రిందుగా ఉంటే మోకాలు అతిగా మడుచుకుంటుంది. మోకాలి చిప్ప వెనుక ఒత్తిడి పెరిగి మోకాలి ముందుభాగములో నొప్పి పుడుతుంది. సీటు ఎక్కువ ఎత్తున ఉంటే కటి భాగము ఇటూ అటూ ఊగి నడుమునొప్పి, మోకాలి వెనుక నొప్పి కలుగుతాయి. హ్యాండిలు దూరమైతే అరచేతులపై భారము పడి, మణికట్టు వద్ద నాడి నొక్కుకొని, చిటికెన వ్రేలు, ఉంగరపు వ్రేలు తిమ్మిరెక్కుతాయి. మెడ పట్టేస్తుంది. సీటు ముక్కు పైకి లేచి ఉంటే మూలాధార భాగములో నాడులు, రక్తనాళాలు ఒత్తిడికి గురై ఆ భాగము మొద్దుబారుతుంది. ఈ బాధలతో వచ్చినవారికి ‘వయసు మీరింది, ఇక సైకిలు మానండి’ అని చెప్పుట న్యాయము కాదు. మానవలసినది సైకిలును కాదు, తప్పు కొలతను.

పిల్లల విషయములో నష్టము మరింత ఎక్కువ. ‘ఎదిగే పిల్లవాడు, పెద్దది కొందాము’ అనే మన పొదుపు బుద్ధి, వయసు తప్ప వేరే కొలత చెప్పని ప్రకటన తోడైతే, కాళ్ళు నేలకు అందని బిడ్డ బజారులో పడతాడు. పడినప్పుడు హ్యాండిలు కొన పొట్టలో గుచ్చుకొంటే పైకి చిన్న గీత మాత్రమే కనిపించినా లోపల కాలేయము, ప్లీహము, క్లోమము చిట్లవచ్చును. అటువంటి దెబ్బ తగిలిన బిడ్డకు కడుపునొప్పి, వాంతులు ఉంటే ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. వెనుక కూర్చున్న పిల్లల పాదాలు చక్రపు పుల్లలలో చిక్కి మడమ చర్మము ఊడివచ్చే గాయాలు మన దేశములో వైద్యులకు చిరపరిచితాలు. చక్రానికి కప్పు ఉంటే వీటిలో చాలా భాగము తప్పుతాయి. కొత్త నమూనాలలో అందము పేరిట మొదట తీసివేసేది ఆ కప్పునే.

పెట్టెలో వచ్చే అసంపూర్తి వస్తువు

‘85 శాతము బిగించినది’ అని వ్రాసి పంపుతారు. మిగిలిన 15 శాతములో ఏముంటాయి? ముందు చక్రము, హ్యాండిలు, పెడళ్ళు, సీటు, బ్రేకుల సర్దుబాటు. అంటే మనిషి ప్రాణము ఆధారపడినవన్నీ. ఎడమ పెడలు మర తిరుగుడు ఎదురు దిక్కున ఉంటుంది. అది తెలియనివారు బలవంతముగా బిగిస్తే మరలు అరిగి, కొన్నాళ్ళకు పెడలు నడిరోడ్డులో ఊడుతుంది. హ్యాండిలు కాడ మీద ఇంత లోతు తప్పక దించాలనే గీత ఉంటుంది. ఆ గీత బయటికి కనిపించేటట్లు బిగిస్తే కాడ విరుగవచ్చును. ముందు ఫోర్కును వెనుకకు త్రిప్పి బిగించుకొని తొక్కేవారు కూడ ఉన్నారు. ఇవి తెలియకపోవుట కొన్నవారి దోషము కాదు. బ్రేకు బిగించని వాహనాన్ని గుమ్మములో దించి వెళ్ళుట వ్యాపారమా? మిర్యాలగూడ, హుజూర్‌నగర్ రోడ్ల మీద ధాన్యపు లారీలు, సిమెంటు లారీలు తిరుగుతుంటాయి. ఆ రోడ్ల మీద బ్రేకు పడకపోతే రెండవ అవకాశము ఉండదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టము ఈ సంగతిని గుర్తించింది. వస్తువును బిగించుటలో, తనిఖీ చేయుటలో తగిన శ్రద్ధ చూపక, లేదా తయారీదారుడు చెప్పిన హెచ్చరికలను అందించక, ఆ కారణముగా హాని జరిగితే విక్రేత బాధ్యుడు కావచ్చునని ఆ చట్టములోని 86వ విభాగము చెబుతున్నది.

తొందరపెట్టే తెర

‘ఇక రెండే మిగిలాయి’, ‘ఈ ధర మరో పది నిమిషాలే’ అనే హెచ్చరికలు మీ ఆలోచనను చెరిపివేయుటకు పెట్టినవి. మొదట ఎవరూ చెల్లించని గరిష్ఠ ధరను చూపించి, దానిని కొట్టివేసి, సగము తగ్గించామంటారు. చివరి పుటలో బిగింపు రుసుము, రవాణా రుసుము వచ్చి చేరుతాయి. అంతా ముగిసిన పిదప మీ పిన్‌కోడుకు బిగింపు సేవ లేదని తెలుస్తుంది. బూటకపు తొందర పెట్టుట, చివరలో రుసుములు చేర్చుట, అడగని వస్తువును బుట్టలో వేయుట వంటి 13 మోసపు పోకడలను కేంద్ర ప్రభుత్వము 2023 నవంబరు 30న మార్గదర్శకాలు వెలువరించి నిషేధించింది. నిషేధము కాగితము మీద ఉంది. పోకడలు తెర మీద ఉన్నాయి. 2025 సెప్టెంబరులో సైకిళ్ళ మీద వస్తుసేవల పన్నును 12 శాతము నుంచి 5 శాతానికి తగ్గించారు. మంచి పని. అయితే ధర తగ్గినంత మాత్రాన కొలత కుదరదు.

మారుమూలలకు మేలు జరుగలేదా?

జరిగింది. చిన్న పట్టణపు దుకాణములో నాలుగైదు నమూనాలు ఉంటే గొప్ప. పొట్టివారికి, స్థూలకాయులకు, చీర కట్టే మధ్యవయస్కులకు తగినవి అక్కడ దొరకకపోవచ్చును. అంతర్జాలము వారికి వందల నమూనాలు చూపుతున్నది. నేను అంతర్జాల వ్యాపారానికి శత్రువును కాను. కాని వందల నమూనాలు చూపగల యంత్రానికి ‘మీ కాలి పొడవు ఎంత?’ అని ఒక్క ప్రశ్న అడుగుట కష్టమా? బూట్లు అమ్ముతూ పాదపు కొలత అడుగుతారు గదా! తక్కువ ధరకు ఇస్తున్నాము గనుక బిగింపు మా పని కాదనే వాదన కూడ నిలువదు. మందు చవకగా అమ్మినా మోతాదు వ్రాయక తప్పదు.

బీహారులో 2006 నుంచి బాలికలకు సైకిళ్ళు ఇచ్చారు. ఆ పథకము వలన తగిన వయసులో ఉన్నత పాఠశాలలో చేరే బాలికల సంఖ్య 32 శాతము పెరిగినట్లు పరిశోధకులు నిర్ధారించారు. తొక్కగలిగిన సైకిలు చేతికి వస్తే జీవితాలు మారుతాయి. తొక్కలేని సైకిలు ఇనుప సామాను.

మీరు చేయవలసినవి

1. తెర తెరిచే ముందు కొలత తీసుకోండి. చెప్పులు లేకుండా గోడకు ఆని నిలబడి, తొడల నడుమ ఒక పుస్తకాన్ని పైకంటా పెట్టి, నేలనుంచి దాని పై అంచు వరకు కొలవండి. అడ్డ గొట్టము దీనికంటె కనీసము 2 నుంచి 5 సెంటీమీటర్లు క్రిందుగా ఉండాలి.

2. ఆ కొలతను 0.88తో హెచ్చించండి. పెడళ్ళ కాడలు తిరిగే కేంద్రము నుంచి సీటు పైభాగము వరకు ఉండవలసిన దూరము సుమారుగా అది. కాలు 75 సెంటీమీటర్లయితే 66 సెంటీమీటర్లు. పెడలు అట్టడుగున ఉన్నపుడు మోకాలిలో 25 నుంచి 35 డిగ్రీల వంపు మిగలాలి.

3. ఫ్రేము కొలత, బరువు పరిమితి వ్రాయని ప్రకటనను విడిచిపెట్టండి. ముందుగానే టిక్కు పెట్టి ఉన్న గడులు కనిపిస్తే తీసివేయండి. అటువంటి గడులను 2020 నాటి ఇ-కామర్సు నియమాలు అనుమతించవు.

4. పెట్టె విప్పేటప్పుడు చిత్రీకరించండి. బిగింపు పనిని మీ ఊరి సైకిలు మెకానిక్కుకు అప్పగించి, తగిన కూలి ఇవ్వండి. గంట, వెనుక ఎర్రని ప్రతిఫలకము, రెండు బ్రేకులు చూసిన తరువాతే రోడ్డెక్కండి. శిరస్త్రాణము ధరించండి.

5. మధుమేహము వలన పాదాలలో స్పర్శ తగ్గినవారు చెప్పులతో గాక మూసిన బూట్లతో తొక్కాలి. ఇన్సులిను తీసుకొనేవారు జేబులో చక్కెర ఉంచుకోవాలి. గుండెజబ్బు ఉన్నవారు ముందుగా తమ వైద్యుని సంప్రదించాలి.

6. వస్తువు లోపముతో వచ్చినా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా విక్రేత తిరిగి తీసుకొనుటకు నిరాకరించరాదు. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలుపాలి, నెలలోపు పరిష్కరించాలి. పరిష్కరించకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయండి. మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషనులోనే కేసు వేయవచ్చును. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము లేదు.

ప్రభుత్వము చేయవలసినది కూడ చిన్నదే. ఫ్రేము కొలత, అడ్డ గొట్టపు ఎత్తు, సీటు కనిష్ఠ గరిష్ఠ ఎత్తులు, బరువు పరిమితి ధర ప్రక్కనే చూపాలని ఒక్క నియమము చేర్చాలి. బిగించే మనిషిని పంపలేని పిన్‌కోడుకు బిగించని సైకిలును అమ్మరాదని మరొకటి.

అవి వచ్చేదాకా మీ చేతిలో ఉన్న ఆయుధము ఒకటే. కొలత చెప్పనివారి వద్ద కొనకండి. ఎందుకు కొనలేదో వారికి వ్రాయండి. నలుగురు వ్రాస్తే పట్టించుకోరు. నాలుగు వేలమంది వ్రాస్తే ఆ ఒక్క వాక్యము తెర మీదకు వస్తుంది.