అరేని సీసాలో తాతల ఊరు దొరకదు

లాస్ ఏంజెలెస్ పక్కనున్న గ్లెండేల్‌లోనో, బీరూట్‌ను ఆనుకున్న బుర్జ్ హమ్మూద్‌లోనో పుట్టి పెరిగిన ఆర్మీనియన్ల మూడో తరానికి గత పదిహేనేళ్లలో కొత్తగా అందుబాటులోకి వచ్చింది తాతల దేశం వైన్. ఆర్మీనియన్లు మనకు మరీ పరాయివాళ్లేమీ కారు. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నంలో వ్యాపారం చేశారు, హైదరాబాద్ ఉప్పుగూడలో వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఇవాళ స్వదేశమైన ఆర్మీనియాలో ఉన్నది దాదాపు 30 లక్షల మంది, బయట ఉన్నవాళ్లు అంతకంటే ఎక్కువ. ఆ వైన్ తాగితే తాతలు గుర్తొస్తారన్న ఆశతోనే చాలామంది మొదటి సీసా కొంటారు. ఆ ఆశ తీరదనే అనుకుంటాను. అయినా కొనాలనే అంటాను, వేరే కారణంతో.

ఎందుకు తీరదంటే, 1915 ఆర్మీనియన్ల మారణకాండ నుంచి బతికి బయటపడ్డవాళ్లలో అత్యధికులు ఒట్టోమన్ సామ్రాజ్యంలోని వాన్, బిట్లిస్, ఖర్‌పెర్ట్ వంటి ప్రాంతాలవాళ్లు. అవన్నీ నేడు తుర్కియేలో ఉన్నాయి. ఎర్ర వైన్‌కు పేరుపడ్డ అరేని ద్రాక్ష పండేది మాత్రం నేటి ఆర్మీనియాలోని వాయోత్స్ జోర్ కొండల్లో. ఖర్‌పెర్ట్ వైపు నేలది ఓకుజ్‌గోజు అనే మరో ద్రాక్ష, ఇప్పుడది ఆ పక్కనే ఉన్న నగరం పేరుతో ఎలాజిగ్ వైన్‌గా, తుర్కియే సరుకుగా అమ్ముడవుతుంది. అంటే ఖర్‌పెర్ట్ బామ్మ మనవరాలు వంశం లెక్క చూసుకుని కొంటే చేతికొచ్చేది తుర్కియే సీసా. ఆ కుటుంబాలకు ఇది చిన్న బాధ కాదు. అరేని గ్రామం దగ్గరి గుహలో సుమారు క్రీ.పూ. 4100 నాటి ద్రాక్ష తొక్కే తొట్టి, రసం పులియబెట్టిన జాడీలు బయటపడ్డాయని 2011లో పురావస్తు శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆరు వేల ఏళ్ల పేరు చెప్పి అమ్మకాలు సాగుతున్నాయి కూడా. కానీ మధ్యలో సోవియట్ ప్రణాళిక ఆర్మీనియాకు బ్రాందీని, జార్జియాకు వైన్‌ను కేటాయించింది. 1985లో గోర్బచేవ్ మద్య వ్యతిరేక ఉద్యమంలో సోవియట్ దేశమంతటా ద్రాక్షతోటలు పెద్దయెత్తున నరికేశారు. నేల పాతదే, ఇప్పటి వైన్ మాత్రం దాదాపు కొత్త ప్రయత్నం.

నాకు నచ్చేది ఆ కొత్తదనమే. ఇటలీలో స్థిరపడిన ఆర్మీనియన్ జోరిక్ ఘారిబియాన్ వాయోత్స్ జోర్‌లోని రింద్ గ్రామంలో తోట వేసి, కరాస్ అనే పెద్ద మట్టి జాడీల్లో అరేని వైన్ పెట్టి, 2010 పంటతో మొదటి సీసాలు తెచ్చాడు. వెయ్యి మీటర్లకు పైబడిన ఎత్తు, పగలు మండే ఎండ, రాత్రి గట్టి చలి. అందుకే పండు బాగా పండినా పులుపు చావదు. గ్లాసులో పోస్తే పుల్ల చెర్రీ వాసన, వెనకాల కాస్త మిరియం ఘాటు, తాగాక నాలుక మీద తాజాదనం. బయటి ఆర్మీనియన్లు స్వదేశంలోని బడులకూ రోడ్లకూ దశాబ్దాలుగా చందాలు పంపుతున్నారు. వైన్ కొనడం అలాంటిది కాదు. చందా ఇచ్చినవాడు నాణ్యత అడగడు, కొన్నవాడు అడుగుతాడు. రెండో సీసా కొనాలా వద్దా అని ఆలోచించే కొనుగోలుదారుకూ రింద్ రైతుకూ మధ్య ఏర్పడేది సమానుల సంబంధం. అది చనిపోయిన తాతతో కాదు, ఈ ఏడాది కొమ్మలు కత్తిరించిన మనిషితో.

అభిమానం నాలుకను మోసం చేస్తుందని కొందరంటారు. నిజమే, నాసి వైన్‌ను కూడా మనవాళ్లదని మెచ్చుకుంటే తోటకే నష్టం. అందుకే బాగా లేకపోతే బాగాలేదనాలి, ఇంకొకరి సీసా చూడాలి, తెల్ల వైన్ కావాలంటే వోస్కెహాత్ ద్రాక్షది ఉంది. తాగుడుకు దేశభక్తి ముసుగు వేస్తున్నారన్న మాటకూ విలువుంది. తాగనివాళ్లను పూర్వీకుల పేరు చెప్పి తాగించకూడదు. ఆర్మీనియన్ చర్చిలో ఏటా ఆగస్టులో ద్రాక్షపళ్లను ఆశీర్వదించి పంచుతారు, వాళ్లకు ఆ గుత్తి చాలు. ఇక ఖర్‌పెర్ట్ బామ్మ మనవరాలి సంగతి. ఎలాజిగ్ వైన్ కొనడం ద్రోహమని తోటివాళ్లు ఆమెను నిలదీయకూడదు. అక్కడ తోటలు పెంచినవాళ్లలో ఆమె వాళ్లూ ఉన్నారు. ఆ రుచి తెలుసుకునే హక్కు ఆమెకుంది.