గర్భసంచి తీసేయడం తప్ప దారి లేదా?

మా పిన్నికి ముప్పై రెండేళ్లప్పుడు గర్భసంచి తీసేశారు. పల్నాడులో మిరపకాయల కోతకు పోయే మనిషి. నెలసరి పదిరోజులైనా ఆగకపోతే ఊళ్లో ఆరెంపీ ఒక ప్రైవేటు నర్సింగ్ హోంకు పంపాడు. స్కానింగ్ తీసి, "సంచిలో గడ్డ ఉంది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అన్నారు. మూడోరోజు ఆపరేషన్. దానికి తెచ్చిన అప్పు తీరడానికి రెండు కోతల కాలం పట్టింది. నేను యూనివర్సిటీకి వచ్చాక ఆ స్కానింగ్ కాగితం చదివాను. రెండున్నర సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ ఒక్కటి, గర్భాశయం లోపలి ఖాళీలోకి పెరిగింది. అంతే.

మా డిపార్ట్‌మెంట్‌లో ఒక మేడమ్‌కు అంతకన్నా పెద్దవి మూడు ఉండేవి. హైదరాబాద్‌లో గడ్డలు మాత్రమే తీయించుకుని నెల తిరక్కుండా క్లాసుకు వచ్చారు. గర్భసంచి ఉంచుకుంటారా అని డాక్టరు ఆమెను అడిగారు. మా పిన్నిని ఎవరూ అడగలేదు.

ఫైబ్రాయిడ్లు దాదాపు అన్నీ క్యాన్సర్ కాని కండర గడ్డలే. బాధ పెట్టకపోతే ముట్టుకోనక్కర్లేదు. నెలసరి ఆగిపోయాక చాలావరకు వాటంతటవే కుంచించుకుపోతాయి. రక్తస్రావం ఎక్కువైతే మందులున్నాయి, హార్మోన్ లూప్ ఉంది. అవి పనిచేయకపోతే గడ్డను మాత్రం తీసే మయోమెక్టమీ ఉంది. గడ్డ లోపలి ఖాళీలో ఉంటే పొట్ట కోయకుండా, యోని మార్గంలో కెమెరా పంపి హిస్టరోస్కోపీతో తీస్తారు. గోడలోనో, బయటివైపో ఉంటే లాప్రోస్కోపీ, మరీ పెద్దవైతే పొట్ట కోసి తీయడం. గడ్డకు రక్తం అందించే ధమనులను సన్నని గొట్టం ద్వారా మూసేసే ఎంబలైజేషన్ కూడా ఉంది. మళ్లీ పిల్లలు కావాలనుకునే వాళ్లకు మాత్రం సాధారణంగా మయోమెక్టమీయే సూచిస్తారు. ఇవేవీ నిన్న మొన్న వచ్చినవి కావు. గడ్డలు తీసేటప్పుడు రక్తం ఎక్కువ పోకుండా విక్టర్ బానీ అనే బ్రిటిష్ సర్జన్ క్లాంప్ తయారుచేసి వందేళ్లయింది. ఎంబలైజేషన్‌తో ఫైబ్రాయిడ్లకు చికిత్స చేసిన ఫలితాలు 1995లోనే ప్రచురితమయ్యాయి.

గర్భసంచి తీయడం ఎప్పుడూ తప్పని నేను అనను. మయోమెక్టమీ తర్వాత గడ్డలు మళ్లీ రావచ్చు. కొందరికి తీసేయడమే మేలు, కొందరు అన్నీ తెలిసే అదే కోరుకుంటారు. నా గొడవ 'తెలిసే' అన్న మాట దగ్గరే. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు దీన్నే తేల్చింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన స్త్రీకి ఆమె అనుమతి లేకుండా గర్భాశయం, అండాశయాలు తీసేసిన కేసు అది. చికిత్స ఏమిటి, ప్రమాదమేమిటి, వేరే మార్గాలేమున్నాయో చెప్పాకే తీసుకున్న సమ్మతి సమ్మతి అవుతుందని కోర్టు చెప్పింది. వేలిముద్ర వేయించుకున్న కాగితాల్లో ఎన్నింటికి ఆ అర్హత ఉంది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, దేశంలో అందరికన్నా ఎక్కువ. తెలంగాణ దాని వెంటే ఉంది. ఈ ఆపరేషన్లలో ఎక్కువ భాగం ప్రైవేటు ఆసుపత్రుల్లోనే. మన స్త్రీల శరీరాలు వేరే రకంగా పుట్టలేదు కదా.

మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు కొట్టే స్త్రీల సంగతి 2019లో బయటపడింది. ప్రభుత్వ సర్వేలో సుమారు 82 వేల మందిలో 13 వేలకు పైగా గర్భసంచి లేనివాళ్లే. నెలసరికి ఒకరోజు మానేస్తే ముకద్దం జరిమానా వేస్తాడు. అక్కడ గర్భసంచి పనికి అడ్డం. రాజస్థాన్, బీహార్, ఛత్తీస్‌గఢ్‌లలో జరిగిన అనవసర ఆపరేషన్లపై డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. బాధితుల్లో ఎక్కువమంది ఎస్సీ, ఎస్టీ, బీసీ స్త్రీలు. 2023 ఏప్రిల్ 5న తీర్పు వచ్చింది. కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లా స్థాయిలోనూ పర్యవేక్షణ కమిటీ ఉండాలి. మీ జిల్లాలో అందులో ఎవరున్నారో, ఎన్నిసార్లు కూర్చున్నారో సమాచార హక్కు కింద అడగండి. పరిశోధక విద్యార్థులు చేయదగిన పని ఇది. ఏ కులం, ఏ వయసు, ఏ కారణం, ముందు ఏ చికిత్స ఇచ్చారు అనే నాలుగు గడులతో లెక్కలు ప్రచురించమనీ అడగాలి.

'వాళ్లకు అవగాహన లేదు' అనే మాట సెమినార్లలో తరచూ వింటాను. నాకు ఒళ్లు మండుతుంది. హిస్టరోస్కోపీ చేసే డాక్టరు, పరికరం దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో లేనప్పుడు అవగాహన ఏం చేస్తుంది? 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ బాబాసాహెబ్, స్త్రీ శ్రమతో లాభపడే యజమాని ఆ భారంలో కొంత మోయాలన్నారు. శ్రామిక స్త్రీ శరీరం ఆమె ఒక్కదాని పూచీ కాదని ఆనాడే చెప్పారు. మన ఉద్యమాలు ప్రసూతి సెలవు దగ్గర ఆగిపోయి, నెలసరిని, గడ్డలను ఆడవాళ్ల రహస్యాలుగా వదిలేశాయి. విమర్శ మనమీద కూడా ఉంది.

మొన్న సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు పిన్నికి ఇదంతా చెప్పాను. ఇప్పుడు నలభై ఒకటి. నడుమునొప్పితో కోతకు పోవడం మానేసింది. సంచితో పాటు అండాశయాలు కూడా తీశారని ఆమెకు నేను చెప్పేదాకా తెలియదు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ గడ్డ ఒక్కటే తీసుంటే మళ్లీ కూలికి ఎన్నాళ్లకు పోయేదాన్నే?" అని అడిగింది.

వారం పదిరోజులకు అన్నాను. ఆమె అప్పుడు మూడు నెలలు మంచంలో ఉంది.