కనపడకపోతే పోయినట్టు కాదు

ఫొటో స్టూడియో, ఆడిటర్ ఆఫీసు, చిన్న క్లినిక్. చాలాచోట్ల ఓ మూల చెప్పుల డబ్బా అంత పెట్టె కనిపిస్తోంది. లోపల రెండో నాలుగో హార్డ్ డిస్కులు, వాటిని నడిపే చిన్న కంప్యూటర్. పేరు నెట్‌వర్క్ స్టోరేజ్ సర్వర్, వాడుకలో నాస్. పెళ్లి వీడియోల నుంచి పన్ను లెక్కల దాకా అందరి ఫైళ్లూ అందులోనే. నడిచినన్నాళ్లూ దాని ఊసు ఎవరికీ పట్టదు. ఓ ఉదయం అది కంప్యూటర్ తెర మీద కనపడదు. పని ఆగిపోతుంది, కంగారు మొదలవుతుంది. ఒక్కోసారి ఫైళ్లు నిజంగా పోయేది ఆ కంగారులోనే.

నాస్ కనపడకపోవడం వేరు, ఫైళ్లు పోవడం వేరు. మొదటిది దారికి సంబంధించిన సమస్య, రెండోది డిస్కుకు సంబంధించింది. ఈ తేడా తెలియక ఫ్యాక్టరీ రీసెట్ చేసేవాళ్లున్నారు. డిస్కు ఊడదీసి విండోస్ కంప్యూటర్‌కు తగిలించేవాళ్లూ ఉన్నారు. నాస్ డిస్కులు సాధారణంగా లైనక్స్ పద్ధతిలో ఉంటాయి. విండోస్ వాటిని చదవలేక, ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. సరేనన్నారా, నిక్షేపంగా ఉన్న డేటాకు నూకలు చెల్లినట్టే.

అందుకే పరీక్ష తీగ దగ్గర, దీపాల దగ్గర మొదలవ్వాలి. కరెంటు పోయి వచ్చాక నాస్ మాయమైతే మొదట అనుమానించాల్సింది చిరునామాను. రౌటర్ మళ్లీ మొదలైనప్పుడు నాస్‌కు కొత్త ఐపీ నంబరు ఇచ్చి ఉండొచ్చు. కంప్యూటర్లు మాత్రం పాత నంబరు దగ్గరే తలుపు తడుతుంటాయి. రౌటర్ సెట్టింగుల్లో కొత్త నంబరు తెలుస్తుంది. ఆ నంబరును నాస్‌కే శాశ్వతంగా కేటాయిస్తే బెడద తీరిపోతుంది.

ఒక కంప్యూటర్‌కు కనపడి, కొత్తగా కొన్నదానికి కనపడకపోతే తప్పు డిస్కుది కాదు. ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి ఎస్ఎంబీ1లోని లోపం మీదుగానే 2017లో వానాక్రై వైరస్ విరుచుకుపడింది. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి కొత్త ఇన్‌స్టలేషన్లలో మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతిని పక్కన పెట్టింది. 2024 నాటి విండోస్ 11 24హెచ్2 ఇంకాస్త బిగించింది. ప్రో ఎడిషన్‌లో పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశాన్ని మూసేసింది. దీనికి మందు విండోస్ రక్షణను సడలించడం కాదు. నాస్ సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేసి, ఎస్ఎంబీ3ని ఆన్ చేసి, మనిషికో యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వడం.

మరో ఫిర్యాదు వేగం. గిగాబిట్ లైను మీద పెద్ద ఫైలు సెకనుకు 100 మెగాబైట్లకు కాస్త అటూ ఇటూగా కదలాలి. 11, 12 దగ్గరే నిలిచిపోతే లైను 100 మెగాబిట్లకు పడిపోయిందని అర్థం. కేబుల్‌లోని ఎనిమిది తీగల్లో ఒకటి తెగినా ఇలా జరగొచ్చు. కేబుల్ మారిస్తే పోయేదానికి కొత్త నాస్ కొనక్కర్లేదు.

నిజంగా ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సింది డిస్కు చెడిందన్న హెచ్చరిక వచ్చినప్పుడు. రెయిడ్ 5 పద్ధతిలో ఒక డిస్కు పోయినా డేటా నిలుస్తుంది. రెండోది పోతే నిలవదు. చెడినదనుకుని మంచిదాన్ని లాగితే రెండూ పోయినంత పని అవుతుంది. సీరియల్ నంబరు సరిచూశాకే చెయ్యి వేయాలి. అంతకంటే ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరేచోటికి కాపీ చేసుకోవాలి. ఎందుకంటే 8 టెరాబైట్ల కొత్త డిస్కును సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో నింపినా దాదాపు 15 గంటలు పడుతుంది. ఆ 15 గంటలూ మిగతా డిస్కులకు క్షణం తీరిక ఉండదు. అవీ అదే వయసువైతే మరో డిస్కు కూలబడే ముప్పుంది.

రెయిడ్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకన్నది అన్నిటికంటే పెద్ద భ్రమ. రెయిడ్ కాపాడేది డిస్కు చెడినప్పుడు మాత్రమే. పొరపాటున చెరిపిన ఫైలు అన్ని డిస్కుల్లోంచీ చెరిగిపోతుంది. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్ ముఠా ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న క్యూనాప్ నాస్‌ల మీద పడి, ఫైళ్లకు పాస్‌వర్డ్ తాళం వేసి బిట్‌కాయిన్లు అడిగింది. అదే ఏడాది జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ పరికరాలు చాలాచోట్ల రాత్రికి రాత్రి ఖాళీ అయ్యాయి. వాటికి అప్‌డేట్లు 2015లోనే ఆగిపోయాయి. రెండు సందర్భాల్లోనూ డిస్కులు భేషుగ్గా ఉన్నాయి. పోయింది డేటానే.

అమెరికా ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇక్కడ అక్కరకొస్తుంది. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి వేరే చోట. నాస్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకుండా, యూపీఎస్‌కు తగిలించి ఉంచితే సగం ముప్పు తప్పుతుంది. మిగతా సగానికి చేయాల్సిందొకటే. నెలకోసారి దూరాన ఉన్న కాపీలోంచి ఒక ఫైలు తీసి తెరిచి చూడటం. తెరుచుకోని కాపీ లేనట్టే లెక్క.