ఒక్క సక్తా, ఎంత ఫరక్!

మొన్న మా బేటీ కాలేజీ దరఖాస్తు కోసం ఇంగ్లీషులో తన గురించి రాసుకుని నాకు చూపించింది. "మై ఫాదర్ హూ ఈజ్ ఎ జర్నలిస్ట్ టాట్ మీ టు రీడ్" అని ఉంది.

"బేటీ, నీకు ఎంతమంది అబ్బాలు?" అన్నాను. పిల్ల ఖంగు తింది. కామా లేకుండా అలా రాస్తే, ఉన్న అబ్బాల్లో జర్నలిస్టు అయిన అబ్బా అని మతలబు వస్తుంది మరి. 'ఫాదర్' తర్వాత ఒకటి, 'జర్నలిస్ట్' తర్వాత ఒకటి, రెండు కామాలు పెట్టించాను.

"అందరికీ అర్థమయ్యేదే కదా అబ్బా, ఇంత బారీకీ ఎందుకు?" అంది.

కాయిదా చిన్నదే. 'హూ', 'విచ్'లతో వచ్చే ముక్కను తీసేసి చూడండి. అప్పటికీ ఎవరి గురించో తెలుస్తుంటే అది అదనపు ఖబర్. దానికి రెండు వైపులా కామా కావాలి. తీసేస్తే "ఎవరు?" అనే సవాల్ మిగిలితే అది జరూరీ ముక్క, కామా పెట్టకూడదు. "మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ దుబాయ్" అంటే భాయీలు ఇంకా ఉన్నారు, వాళ్లలో దుబాయ్ భాయి. అదే ముక్కను కామాల మధ్య పెడితే ఉన్నది ఒక్కడే భాయి. విరాసత్ కాగితాల్లో ఇలా రాస్తే మిగతా భాయీల గతి ఏమిటి?

మన పిల్లలు ఇక్కడ తడబడటంలో తాజ్జుబ్ లేదు. తెలుగులో "దుబాయ్‌లో ఉండే మా తమ్ముడు" అంటే రెండు మతలబులూ అందులోనే ఉంటాయి, కామాతో పనిలేదు. ఉర్దూ మీడియంలో మాకు సక్తా అంటే కాస్త దమ్ము తీసుకునే చోటు అని చెప్పారు. ఇంగ్లీషులో ఈ కామా దమ్ము కోసం కాదు, మానీ కోసం.

ఆగే చోటును బట్టి మానీ మారుతుందని మనకు ఒకరు చెప్పాలా? మన ముస్‌హఫ్‌లలో మీమ్ గుర్తు ఉంటే తప్పక ఆగుతాం. సూరె బఖరా రెండో ఆయత్‌లో మూడు చుక్కల గుర్తు రెండు చోట్ల ఉంటుంది. ఒక చోట ఆగితే రెండో చోట ఆగం. ఇంత ఎహతియాత్ నేర్చుకున్న పిల్లలకు రెండు కామాలు ముష్కిలా?

బేటీకి నా గలతీ కూడా చెప్పాను. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, "రాళ్లు రువ్విన మొహల్లా కుర్రాళ్లను పోలీసులు తీసుకెళ్లారు" అన్న వార్తను ఇంగ్లీషులోకి మార్చాను. "ద బాయ్స్ ఆఫ్ ద మొహల్లా, హూ థ్రూ స్టోన్స్, వర్ టేకెన్ అవే" అని రాశాను. రువ్వింది కొందరు. నా రెండు కామాలతో మొహల్లా కుర్రాళ్లందరూ రాళ్లు రువ్వినవాళ్లు అయ్యారు, అందరినీ తీసుకెళ్లినట్టూ అయ్యింది. మర్నాడు ఒక చాచా పేపరు పట్టుకుని వచ్చారు. "నా కొడుకు ఆ రోజంతా దుకాణంలోనే ఉన్నాడు బాబూ, వాడిని కూడా ఎందుకు కలిపారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

అందుకే ఇది ఇంగ్లీషు షోకు కాదంటాను. 'కొందరు' అనాల్సిన చోట 'అందరూ' అనిపించుకునే బాధ మన ఖౌమ్‌కి బాగా తెలుసు. ఇంటికి ఇంగ్లీషు పేపరు వస్తే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. 'హూ' కనిపించిన చోట వేలు పెట్టి, కొందరా, అందరా అని అడగండి. రేపు వాళ్లు రాసేటప్పుడు ఎవరి బిడ్డనూ తప్పు లెక్కలో కలపకుండా ఉంటారు, ఇన్షా అల్లాహ్.