మందు కొట్టే ముందు లెక్కపెట్టండి

పత్తి మొక్క నాలుగాకులు వేసిందో లేదో, "పురుగు పడింది, మందు కొట్టాలి" అన్న మాట ఊళ్లో వినబడుతుంది. ఏ పురుగు? ఆకుకు ఎన్ని? అని అడిగితే జవాబుండదు. ఈ పద్ధతి నాకు నచ్చదు. ఎందుకో చెబుతాను.

1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలను తెల్లదోమ ముంచెత్తినప్పుడు నేను హైస్కూల్లో చదువుతున్నాను. మా నాన్నగారు అప్పు తెచ్చి మరీ వారం వారం మందు కొట్టేవారు. కొట్టినకొద్దీ దోమ పెరిగేది! దోమను తినే అక్షింతల పురుగులూ, అల్లిక రెక్కల పురుగులూ, సాలీళ్లూ ముందు చచ్చేవి. దోమేమో మందుకు తట్టుకోవడం నేర్చింది. ఈ సంగతి మాకు బోధపడేసరికి ఎడ్లజత అమ్ముడైపోయింది.

"ఇప్పుడు బీటీ విత్తనం వచ్చింది కదా మాస్టారూ!" అంటారేమో. 2002లో మన దేశంలో అనుమతి పొందిన ఆ విత్తనం కాయతొలిచే పురుగుల కోసం. లేత పైరులో రసం పీల్చే పచ్చదోమనూ, పేనుబంకనూ, తామర పురుగులనూ అది ఏమీ చేయదు.

మరేం చేయాలి? పొద్దున్నే, ఎండెక్కి పురుగులు చురుకుగా ఎగరకముందే, చేలో ఒక మూలనుంచి ఎదుటి మూలకు నడవండి. దారిలో 20 మొక్కలు. మొక్కకు పైన, నడుమ, కింద ఒక్కొక్క ఆకు. తుంచవద్దు, మెల్లగా తిప్పి అడుగుభాగం చూడండి. ఎండ్రకాయలా పక్కవాటుగా పరుగెత్తేది పచ్చదోమ. అది ఆకుకు సగటున 2 ఉంటే అప్పుడు మందు సంగతి ఆలోచించాలి. (మందు కొట్టిన చేలోకి మాత్రం కొన్నాళ్లు అడుగుపెట్టకండి. లెక్కకంటే మీరు ముఖ్యం.)

కిందటేడు మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె 60 ఆకుల్లో 48 పచ్చదోమలు లెక్కపెట్టింది. అంటే ఆకుకు 0.8. వాళ్ల నాన్న అప్పటికే డబ్బా కొనుక్కొచ్చాడు. "పిల్లల లెక్కలకు చేను నిలుస్తుందా సారూ?" అని నా మీదికి వచ్చాడు కూడా. ఆయన భయం నాకు తెలియనిదా! నాలుగు రోజులాగి మళ్లీ చూద్దామన్నాను. చూస్తే 0.6. ఆపై వారం 2.3కి చేరింది. అప్పుడు కొట్టారు, ఒక్కసారి.

థర్మోకోల్ అగ్నిపర్వతాలు చూసి చూసి విసుగెత్తింది నాకు. ఈసారి సైన్సు ప్రదర్శనకు ఆ లెక్కల నోటుపుస్తకమే పట్టుకురమ్మన్నాను.