అక్షరాంగ పరిజ్ఞానము

మన పిల్లలు బడిలో చేరిన కొలది కాలమునకే తలకట్టు, దీర్ఘము, గుడి, కొమ్ము, ఏత్వము, ఓత్వము అని వల్లించుచు గుణింతము నేర్చుకొందురు. ఈ పేరులు స్వరములకు గుర్తులు మాత్రమే కావు. అక్షర శరీరమందలి అవయవముల పేరులు. తలకట్టు శిరస్సున నుండును. గుడి దానికి మారుగా వంపు తిరిగి నిలుచును. కొమ్ము ప్రక్కకు సాగును. వత్తు పాదముల చెంత చేరును. పసివానికి సైతము కంఠస్థమైన ఈ విద్యను, పెద్దవారమై అచ్చుపుటను చూచునప్పుడు మాత్రము మనము మరచుచున్నాము. ఏదో చెడినదని కంటికి తోచును గాని, ఏ యవయవము చెడినదో చెప్పుటకు నోట మాట రాదు. ఈ మౌనము వలన మన లిపికి కలుగుచున్న నష్టము స్వల్పము కాదు.

తెలుగు అక్షరములలో భేదము తరచుగా ఒక చుక్కయందో, ఒక చిన్న గీతయందో నిలిచియుండును. దకారమునకు అడుగున గీత చేర్చిన ధకారము. దాని నడుమ చుక్క పెట్టిన థకారము. ఆ చుక్క మాసినచో ‘అర్థము’ కాస్త ‘అర్ధము’ అగును. పూర్ణమైన భావము సగమై పోవును. రకారము గర్భమున చుక్క చేరిన ఠకారము. వకారమునకు కొమ్మును మామూలుగా ప్రక్కన తగిలించినచో అది మకారమును పోలును. అందుచేతనే ‘వు’ వ్రాయునప్పుడు కొమ్మును అడుగునుండి లాగుట మన పెద్దలు ఏర్పరచిన కట్టుబాటు. ఖ, ఙ, జ, ఞ, ట, ణ, బ, ల, ఱ అను అక్షరములకు తలకట్టు లేదు. తక్కిన హల్లులకు గుడి వచ్చినచోట తలకట్టు తొలగవలెను. కొమ్ము వచ్చినచోట నిలువవలెను. ఇవి అలంకారములు కావు. చదువరికిని భావమునకును నడుమ గల వంతెనలు.

రోమను లిపి యొక్క అంగములకు పాశ్చాత్యులు సూక్ష్మమైన పేరులు పెట్టుకొనిరి. అక్షరము నిలుచు పీఠరేఖ, చిన్న అక్షరముల యెత్తు, పైకి లేచు కాడ, క్రిందికి దిగు తోక, కొసల నుండు చిన్న పాదములు, అన్నిటిని వారు కొలిచిరి. ఆ శాస్త్రమును మనమును నేర్చుకొనవలసినదే. కాని ఆ కొలతబద్దను యథాతథముగా తెలుగునకు పెట్టుట అవివేకము. ‘స్త్రీ’ యను ఒక్క అక్షరమును చూడుడు: నడుమ సకారము, తలపై గుడిదీర్ఘము, అడుగున తకారపు వత్తు, దానితో రకారపు వత్తు. రోమను పంక్తులకు చాలిన యెడమునే మన పంక్తులకును ఇచ్చినచో, పై పంక్తి వత్తులు క్రింది పంక్తి గుడులను తాకును. లేదా వత్తు కాళ్లు తెగి పోవును. నేడు దుకాణపు బోర్డులయందును, చేతిఫోనుల తెరలయందును ఈ అంగచ్ఛేదము నిత్యము కానవచ్చుచున్నది.

తెలుగు అచ్చు పుట్టుట పరదేశమున జరిగినది. 1746వ సంవత్సరమున జర్మనీలోని హాలే పట్టణమందు బెంజమిన్ షుల్జ్ అను మతబోధకుడు తెలుగు పుస్తకములను అచ్చొత్తించెను. 1814లో విలియం కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణము శ్రీరామపురమున ముద్రితమైనది. 1854లో చెన్నపురియందు వావిళ్ల వారి ముద్రణాలయము వెలసినది. సీసపు అక్షరముల కాలమున తెలుగునకు వందలకొలది దిమ్మలు కావలసియుండెను. కంపోజిటరు ఏ గడిలో ఏ గుణింతము, ఏ వత్తు ఉన్నదో చేతి స్పర్శతో ఎరుగును. అక్షరాంగములు అతనికి వృత్తి విద్య.

ఆ దిమ్మలు పోయినవి. 1991లో వెలువడిన యూనికోడు ప్రమాణము తెలుగునకు 128 స్థానములు గల గడి నొకదానిని కేటాయించినది. అందు మూలాక్షరములును, స్వరచిహ్నములును కలవు. సంయుక్తాక్షరమునకు విడిగా స్థానము లేదు. ఏ వత్తు ఎచ్చట నిలువవలెనో, ఏ తలకట్టు ఎప్పుడు తొలగవలెనో నిర్ణయించు భారము ఫాంటు నిర్మాతపైనను, దానిని తెరపై చిత్రించు యంత్రవిధానముపైనను పడినది. అనగా ఒకనాటి కంపోజిటరు చేతిలోని జ్ఞానము నేడు ఎవరో ఎచ్చటనో వ్రాయు సూత్రములలోనికి పోయినది.

ఆ సూత్రములు తప్పినచో ఏమగునో 2018 ఫిబ్రవరిలో లోకమెల్ల చూచినది. జకారము క్రింద ఞకారపు వత్తు, దాని వెనుక అక్షరములను కలియనీయక నిలుపు అదృశ్య సంకేతము, పిమ్మట దీర్ఘము, ఈ వరుస ఐఫోనునకు చేరినంతనే సందేశములను చూపు సాధనములు కుప్పకూలినవి. ఆ నెల 19వ తేదీన ఆపిల్ సంస్థ సవరణను విడుదల చేసినది. ‘జ్ఞానము’ అను మాటకు మొదటి యక్షరమే అంతటి యంత్రమును మూగపుచ్చుట గమనింపదగినది. నాడు పత్రికలు దానిని ‘తెలుగు అక్షరపు దోషము’ అని పిలిచినవి. దోషము అక్షరమునది కాదు. దాని యంగముల కూర్పును సరిగా గ్రహింపని యంత్రముది. అయినను నింద మాత్రము అక్షరమునకే వచ్చినది.

నిరాశకు కారణము లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు పోతన, వేమన నామములతో ఫాంటులను నిర్మించి ఉచితముగా ఒసగిరి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, గురజాడ, గిడుగు మున్నగు పేరులుగల ఫాంటులు నేడు ఎల్లరకును ఉచితముగా లభించుచున్నవి. పూర్వపు ప్రతులలోని నకారపొల్లునకు 2021లో యూనికోడునందు స్థానము దొరికినది. పట్టుదలతో అడిగినవారు ఉన్నచోట పని జరుగునని దీనివలన స్పష్టము.

‘ఇది అచ్చువారి పని, మనకేల?’ అని కొందరనవచ్చును. వైద్యుడే దేహమును బాగుచేయును. కాని ఏ చోట నొప్పియో చెప్పవలసినవాడు రోగి. తప్పునకు పేరు పెట్టలేని జాతి దాని సవరణను కోరజాలదు. కావున పాఠశాలలలో గుణింతముతోపాటు అచ్చక్షరమును విప్పి చూపుట అలవాటు కావలెను. పత్రికారచనయు, చిత్రకళయు బోధించు కళాశాలలు తెలుగు అక్షరనిర్మాణమును పాఠ్యాంశముగా గైకొనవలెను. ప్రభుత్వములు పాఠ్యపుస్తకములకు ఫాంటును ఎన్నుకొనునప్పుడు ‘స్త్రీ’, ‘రాష్ట్రము’, ‘అర్థము’, ‘జ్ఞానము’ వంటి మాటలను చిన్న పరిమాణమున అచ్చువేయించి, పిల్లలచేతనే చదివించి చూడవలెను. ఇందుకు ధనముకంటె శ్రద్ధ ముఖ్యము.

భాషాభిమానము సభలయందలి ఉపన్యాసములతో తీరునది కాదు. తెగిన వత్తును చూచి ‘ఇది తెగినది’ అని చెప్పగల కన్ను, మాసిన చుక్కకై అడుగగల నోరు తెలుగువారికి కావలెను. ఆ విద్యకు మొదటి పాఠము మన పిల్లల పలకమీదనే యున్నది.