పని ఆగి పూజ మొదలైతే...

రామకృష్ణాపూర్‌లోని మా ఇంటి ముందు రేకుల షెడ్డు కింద ఒక తెల్ల అంబాసిడర్ కారు ఉంది. బొగ్గు గనిలో పనిచేసిన నాన్నగారు 1986లో దాన్ని కొన్నారు. ఆదివారం నడవలేని వృద్ధులను ఆరాధనకు చేర్చింది, అర్ధరాత్రి పురిటినొప్పులు పడుతున్న తల్లులను ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆ కారే. దాని తాళం తలుపు పక్కన మేకుకు వేలాడుతుందని వీధిలో అందరికీ తెలుసు.

నాన్నగారు ప్రభువు సన్నిధికి వెళ్లాక కారు మాకు దక్కింది. దానిమీద మోజు పెరిగింది. 1,489 సీసీ ఇంజన్‌ను విప్పించి బాగు చేయించాం. విడిభాగాల కోసం హైదరాబాద్ దాకా తిరిగాం. బంపర్లకు మెరుగు పెట్టించాం, బొగ్గుదుమ్ము పడితే రోజూ తుడిచాం. తాళం మాత్రం మేకు నుంచి బీరువాలోకి చేరింది.

ఇప్పుడు మళ్లీ రిజిస్ట్రేషన్ గడువు వచ్చింది. పదిహేనేళ్లు దాటిన కారుకు ఐదేళ్లకోసారి దాన్ని పొడిగించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది, ఆ తర్వాత ఇంకా పెరిగింది. ఉంచాలా, అమ్మాలా అని ఇంట్లో మాట వచ్చింది. ‘బాపు బండి అమ్మితే ఆయన గుర్తేముంటది?’ అన్నాడు తమ్ముడు. అమ్మ ఒక్కటే మాట అడిగింది: ‘మీ బాపు ఏనాడన్న తాళం దాచుకున్నడా?’

మేము తల దించుకున్నాం. పోయిన వానాకాలం పక్కింటాయన తల్లిని మంచిర్యాల ఆసుపత్రికి తీసుకెళ్లాలని కారు అడిగాడు. వానలో తీస్తే తుప్పు పడుతుందని లేదన్నాం. భూమిమీద కూర్చుకున్న ధనం తుప్పు పాలవుతుందని ప్రభువు హెచ్చరించాడు (మత్తయి 6). మేము కారుకు తుప్పు పట్టకుండా చూసుకున్నాం, అది మా మనసుకు పట్టింది.

అరణ్యంలో మోషే చేసిన ఇత్తడి సర్పం గుర్తుందా? పాము కాటు తిన్నవారు దాన్ని చూసి బతికారు (సంఖ్యాకాండము 21). అది దేవుడు చేయించినదే. కొన్ని వందల ఏళ్ల తర్వాత ఇశ్రాయేలీయులు దానికి ధూపం వేయసాగారు. అప్పుడు హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు (2 రాజులు 18). మోషేను అవమానించాలని కాదు. పని ఆగిపోయి, పూజ మొదలైంది గనుక.

అంబాసిడర్‌ను తయారుచేసిన హిందుస్థాన్ మోటార్స్ 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో దాని ఉత్పత్తి ఆపేసింది. 2017లో ఆ పేరును కూడా 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో సంస్థకు అమ్మేసింది. చేసినవారే వదులుకున్నదాన్ని మేము గుండెకు హత్తుకున్నాం!

పాత కారు ఉంచుకోవడం పాపం కాదు. తన చేతులతో బాగుచేసుకుంటూ నలుగురినీ ఎక్కించుకునేవారు నిశ్చింతగా ఉంచుకోవచ్చు. యెరూషలేము ప్రవేశానికి ముందు గాడిదపిల్ల ప్రభువుకు కావాలనగానే దాని యజమానులు అడ్డు చెప్పలేదు (లూకా 19). మన వస్తువులకు అదే పరీక్ష. అవసరంలో ఉన్నవాడు అడిగితే తాళం ఇవ్వగలమా?

మేము ఇవ్వలేకపోయాం. అందుకే పెళ్లిళ్లకు కార్లు నడిపే ఒకాయనకు దాన్ని అమ్మాలని నిర్ణయించుకున్నాం. అది మళ్లీ మనుషులను మోస్తుంది. ముందుగా పక్కింటికి వెళ్లి క్షమాపణ అడిగాం. ఆ మేకు మాత్రం గోడకు అలాగే ఉంది. ఇప్పుడు మా స్కూటర్ తాళం దానికే వేలాడుతోంది.